సాయంత్రం చదువుకు కాపలా

మొన్న సాయంత్రం మా మందుల దుకాణంలో అట్టపెట్టెలు సర్దుతుంటే ఫోను మోగింది. పాప చదివే బడి నుంచి వచ్చిన కబురు అది. పాప పేరు, ఆ పేరు పక్కన నిలువుగా సన్నటి ఎర్రగీత, దాని కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు. మీ అమ్మాయి చదవడంలో వెనకబడి ఉంది కాబట్టి వచ్చే వారం నుంచి ప్రత్యేకంగా చదివించే తరగతిలో కూర్చోబెడుతున్నాం, సహకరించగలరు అని. అందులో భయపడాల్సింది ఏమీ లేదు. నిజానికి మంచి మాటే. కానీ ఆ ఎర్రగీతను చూడగానే నా కుడిచేతి మణికట్టు చల్లబడింది, ఎక్కడి నుంచో గంజి వదలని కొత్త గుడ్డ వాసన ముక్కుకు తగిలింది, స్టూలు మీద కూర్చుండిపోయాను. దగ్గుమందు కోసం వచ్చినాయన "ఏమక్కా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను గానీ, ఆ నిమిషంలో నేను అనంతపురంలో లేను, మూడో తరగతిలో ఉన్నాను.

కళ్యాణదుర్గం దాటాక షేర్ ఆటో తారురోడ్డు దిగి ఎర్రమట్టి దారి పట్టి, ఎక్కినవాళ్ళందరి జుట్టూ ఒకే రంగుకు వచ్చాక కనిపించే ఊరు మాది. ఆషాఢమాసం గాలి అక్కడ ఊరికే వీచి పోదు. తలుపు సందుల్లోంచి దూరి, ఆరేసిన చీరలను పక్క వీధిలోకి ఎత్తుకుపోయి, రాగి సంగటి ముద్దలో ఇసుక పలుకులు కలిపి, రాత్రి పడుకునేటప్పుడు చెవుల్లో కూడా కాస్త మట్టి మిగిల్చి పోతుంది. విత్తనాల కాలం వస్తే ప్రతి ఇంట్లో చెనక్కాయలు రాశిగా పోసుకుని చుట్టూ కూర్చుని ఒలిచేవాళ్ళం, బొటనవేళ్ళ కొసలు పచ్చిపుండ్లయ్యేవి, మా అవ్వ ఉన్నట్టుండి "నోరు తెరువు మే" అని మా నాలుకల కింద కూడా వెతికేది, విత్తనం గింజ ఒక్కటి దొరికినా వీపు చిట్లేది. ముంగారు వాన, అదే తొలకరి, సమయానికి పడితే ఆ ఏడు పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టిన ఆవిరి వీధంతా కమ్మేది, రోట్లో ఊరిబిండి పచ్చడి నూరే చప్పుడుకే ఆకలయ్యేది, పండగకు ఓళిగల మీద నెయ్యి కాస్త ధారాళంగా జారేది. పడకపోతే నీళ్ళ ట్యాంకరు వచ్చేది, దాని వెనకాల కూలికి పోయేవాళ్ళను ఎక్కించుకునే బెంగుళూరు లారీ వచ్చేది. ఏది రాబోతోందో మేము మబ్బును చూసి చెప్పేవాళ్ళం కాదు, పెద్దవాళ్ళ గొంతులు విని కనిపెట్టేవాళ్ళం.

మా వైపు అమ్మవారి జాతరను దేవర అంటారు. మా మారెమ్మ దేవర ఏటా జరగదు, పంటలు కాస్త కుదుటపడ్డ ఏడు చేసేవాళ్ళు. మొక్కుకున్నవాళ్ళు మాత్రం ముందుగానే మేకపోతును ఎంచి, దాని మెడకు ఎర్రగుడ్డ పీలిక కట్టి వదిలేసేవాళ్ళు. మా పక్కింటి ఎర్రిస్వామి మామ అలా ఒక నల్లపోతును వదిలాడు. ఆ రోజు నుంచి దాని భోగం చూడాలి. ఎవరి చేలో పడినా అదిలించే దిక్కు లేదు, ఎవరి గడపలో పడుకున్నా లేపే దిక్కు లేదు, కొట్టడం మాట అటుంచి గట్టిగా ఒక మాట అనకూడదు. ఒకసారి నా ఒళ్ళో ఉన్న బొరుగులన్నీ నాకేసింది. నేను తిట్టబోతే అవ్వ చటుక్కున నా నోరు మూసి, "అది అమ్మది మే, దాన్నేమీ అనగూడదు" అంది. ఆ పీలికను కట్టినవాళ్ళు తప్ప ఇంకొకరు విప్పకూడదు, తెంపితే ఆ ఇంటికి మంచిది కాదు. దేవర రోజు దాకా ఆ మేకకు ఊరంతా పుట్టిల్లే. ఆ రోజు ఏం జరుగుతుందో పిల్లలందరికీ తెలుసు, అందుకే మేము దాని కళ్ళలోకి చూసేవాళ్ళం కాదు.

నేను చెప్పే ఏడు వాన మొహం చాటేసింది. అదే ఏడు మా ఊరి వంక మీద బ్రిడ్జి కట్టడం మొదలుపెట్టారు. నీళ్ళు కనిపిస్తే పండగ చేసుకునే వంకకు బ్రిడ్జి దేనికని మా నాయన నవ్వేవాడు. అయితే కట్టిన స్తంభం ఒకటి ఒరిగింది, ఒరిగిన మరుసటి రోజు నుంచి నవ్వులు ఆగిపోయాయి. వంక బలి అడుగుతోందట. పెద్దవాళ్ళను కాదట, పిల్లల్ని అడుగుతోందట. ఊళ్ళ మీద తిరిగి పిల్లల్ని చూసిపెట్టుకునే మనుషులున్నారట, తనకల్లు వైపు ఒక పిల్లను అప్పుడే తీసుకుపోయారట. ఎవరు చూశారని అడిగితే ఎవరూ చూడలేదు, ఎవరో చెప్పారని అందరూ చెప్పారు. మేము కుంటుడుబిళ్ళ ఆటను బ్రిడ్జి కనపడని సందులోకి మార్చుకున్నాం. అక్కడ కూడా మధ్యలో ఎవరైనా కొత్త మనిషి వస్తే బిళ్ళ వదిలేసి పరిగెత్తేవాళ్ళం.

నాకు ఆ భయం చాలదన్నట్టు ఇంకోటి ఉండేది. నాకు చదవడం రాదు. మూడో తరగతిలోకి వచ్చినా అక్షరాలు నా కళ్ళ ముందు నిలబడేవి కావు. ఒకదాన్ని పట్టుకుంటే పక్కది జారిపోయేది. అందరూ కలిసి పాఠం చదివేటప్పుడు పక్కపిల్ల గొంతు వెనకాలే నా గొంతు కలిపి, ఆమె ఆగినప్పుడు ఆగి, ఆమె దగ్గితే నేనూ దగ్గి నెట్టుకొచ్చాను. ఇంట్లో నాయన ముందు పుస్తకం తెరిచి, విన్న పాఠం మొత్తం కళ్ళు మూసుకోకుండా అప్పజెప్పేదాన్ని. ఆయనకు చదువు రాదు, కాబట్టి నా వేలు ఏ అక్షరం మీద ఉందో ఆయనకు తెలియదనుకునేదాన్ని. వాన పోయిందని తేలిపోయిన రోజు ఆయన అన్నం తింటూ అమ్మతో చెప్పిన మాట నా చెవిన పడింది.

"దానికి సదువొస్తే అవ్వ దగ్గర ఈడే ఉంటాది. రాకుంటే మనతో బెంగుళూరికొస్తాది. ఇటుకలన్నా అందిస్తాది."

బెంగుళూరంటే నాకు అంతకుముందు వెళ్ళిన మారెక్కే గుర్తుకు వచ్చేది. నా పక్కన కూర్చునే పిల్ల. సగం లేచిన మేడల కింద నీలం పట్టాల గుడిసెలో ఉంటున్నారని, ఆమె పగలంతా తమ్ముణ్ణి ఎత్తుకుని ఇసుక దగ్గర కాపలా ఉంటుందని విన్నాను. ఆమె పలక మా బడి బీరువా మీద అలాగే ఉండిపోయింది. నేను రోజూ దాని వైపు చూడకుండా బడిలోకి నడిచేదాన్ని.

అప్పుడు వచ్చింది పద్మజ టీచరు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి, సన్నగా, నల్ల గొడుగుతో, మాటకు ముందు నవ్వుతో ఉండేది. వచ్చిన కొద్దిరోజులకే ఒక్కొక్కరిని దగ్గరికి పిలిచి, పక్కవాళ్ళ గొంతు అందకుండా ఒంటరిగా చదివించింది. నా వంతు వచ్చినప్పుడు నా గొంతులోంచి గాలి కూడా రాలేదు. ఆమె తిట్టలేదు, కొట్టలేదు. "ఏం పర్లేదమ్మా, సాయంత్రాలు కాసేపు కూర్చుంటే వచ్చేస్తుంది. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను" అంది. ఆ మంచి మాటకు నేను ఆ రోజంతా అన్నం తినలేకపోయాను. నాయనతో ఆమె మాట్లాడే రోజే నా బెంగుళూరు ప్రయాణమని నాకు తెలుసు.

టీచరు చాలా ప్రయత్నం చేసింది పాపం. పెద్దవాళ్ళకు చీటీలు రాసి పంపింది. చదివేవాళ్ళు లేక అవి అటకల మీదకో పొయ్యిలోకో పోయాయి. పదిగంటల ఎండలో ఇళ్ళకు వచ్చింది. ఇళ్ళకు గొళ్ళాలు, మనుషులు చేలల్లో. వాళ్ళు తిరిగొచ్చే వేళకు ఆమె చివరి బస్సు అందుకోవాలి. మా నోటితో చెప్పి పంపించింది. సాయంత్రం చదివే తరగతి పెడుతున్నాం, మీ అమ్మానాన్నలను ఒకసారి రమ్మనండి అని. ఆ కబురు చెప్పడమంటే నాకు చదువు రాదని చెప్పడమే కదా. మాలో ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి ఆమెకు ఒక ఉపాయం తట్టింది. కళ్యాణదుర్గంలో ఎర్రగుడ్డ కొని తెచ్చి, పీలికలుగా చింపి, సాయంత్రం తరగతిలో కూర్చోవాల్సిన పిల్లలందరి కుడిచేతికి ముద్దుగా పువ్వు ముడి వేసింది. "ఇదేమిటని ఇంట్లో అడుగుతారు. అప్పుడు చెప్పండి, టీచరుగారు రమ్మన్నారని" అంది.

ముడి వేస్తున్నంతసేపూ నేను ఆ కొత్త గుడ్డ వాసన పీలుస్తూ నిలబడ్డాను. పిల్లలమంతా ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. బడి నుంచి ఇంటికి వచ్చే దారిలో ఎర్రిస్వామి మామ మేకపోతు ఎదురైంది. దాని మెడలో ఉన్నది, నా చేతికి ఉన్నది ఒకే రంగు.

అవ్వ నాకు తల దువ్వబోయి చూసింది. దువ్వెన కింద పెట్టేసింది. "ఎవురు కట్టినారు మే యిది?" అంది. టీచరు అన్నాను. "ఎందుకు కట్టింది?" అంది. అక్కడ నా నాలుక అతుక్కుపోయింది. అవ్వ మళ్ళీ అడగలేదు. అంతకుముందు ఒకటికి పదిసార్లు అడిగి, చెంప వాయించి మరీ జవాబు రాబట్టే మనిషి, మళ్ళీ అడగలేదు. నెమ్మదిగా లేచి వీధిలోకి పోయింది. ట్యాంకరు దగ్గర బిందెలు వరుసలో పెట్టి నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరి బిడ్డ చేతికి కట్టారో, ఎవరి బిడ్డ చేతికి లేదో కాసేపట్లో లెక్క తేలిపోయింది. మా ఇంట్లో నాకు ఉంది, ఎర్రిస్వామి మామ కూతురికి ఉంది, ఆ చివరి వీధిలో ఇద్దరు ముగ్గురికి ఉంది. ఒకే ఇంట్లో అక్కకు ఉంది, తమ్ముడికి లేదు. ఎంచి కట్టారు. ఎవరో ఎంచారు. ఒరిగిన స్తంభం ఊరందరికీ ఒకేసారి గుర్తుకు వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో నన్ను ఎవరూ కసురుకోలేదు. అన్నంలో ముందు నాకే నెయ్యి వేసింది అమ్మ. ఆ నెయ్యి గిన్నె పండగలకు తప్ప దిగేది కాదు. నేను నీళ్ళ చెంబు తన్నేసినా ఊరుకుంది. నాయన ఒక్కసారి నా చేతి వైపు చూసి, చూపు తిప్పుకుని, బయటికి పోయి కూర్చున్నాడు. తమ్ముడు నా పక్కన పడుకుంటానంటే అమ్మ వాణ్ణి అవతలికి లాక్కుంది, నన్ను ఇవతలికి లాక్కుంది, రెండు చేతులా పట్టుకుంది. ఏం చేసినా తిట్టకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ మేకను చూసే నేర్చుకున్నాను. ఒక్క దెబ్బ వేస్తే బాగుండునని, ఎప్పటిలా ఒక్క తిట్టు తిడితే బతికిపోతానని అంతగా కోరుకున్న రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

పీలికను తెంపడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఉంచడానికీ ధైర్యం లేదు. మర్నాడు ఎర్రగుడ్డ కట్టిన పిల్లలు ఎవ్వరూ బడికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. తలుపులు మూసి మమ్మల్ని చీకట్లో కూర్చోబెట్టారు. అవ్వ గడప మీద రోకలి పక్కన పెట్టుకుని కూర్చుంది. గాలికి తలుపు కొట్టుకుంటే చాలు, నేను ధాన్యం గాదె వెనక్కి పోయేదాన్ని. అక్కడ ముడుచుకుని కూర్చుని నా చేతిని నా నుంచి దూరంగా పెట్టుకునేదాన్ని, అది నాది కానట్టు.

ఇదంతా తెలియని పద్మజ టీచరు ఏమనుకుందంటే, తాను పిలిచినా రాని తల్లిదండ్రులు పిల్లల్ని కూడా మానిపించేశారని. కోపం వచ్చింది. తెల్లవారి మొదటి బస్సుకే వచ్చి, ట్యాంకరు దగ్గర అందరూ దొరుకుతారని నేరుగా అక్కడికే వచ్చింది. ఆమె వచ్చిందన్న మాట వీధుల్లో పాకింది. చూస్తుండగానే జనం చుట్టుముట్టారు. మిగతా ఇళ్ళవాళ్ళలాగే అవ్వ కూడా నన్ను ఒంటిగా వదలలేక కొంగుకు చుట్టుకుని తీసుకుపోయింది, కాబట్టి నేను అంతా చూశాను. బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు. మా ఊళ్ళో నీళ్ళు నేలపాలవుతుంటే ఎవరూ చూడకపోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఎర్రిస్వామి మామ చేతిలో ముల్లుకర్ర ఉంది. "ఎవురు పంపినారమ్మా నిన్ను? ఎంతమందిని సూపిచ్చినావు?" అన్నాడు. టీచరుకు అర్థం కాలేదు. "నన్నెవరు పంపిస్తారండీ? మీ పిల్లలు మీకేమీ చెప్పలేదా?" అంది. వెనక నుంచి ఎవరో ఆమె కొంగు పట్టి లాగారు. ఎవరో మట్టిపెళ్ళ విసిరారు, అది గొడుగుకు తగిలి పగిలింది. మామ ముల్లుకర్ర భుజం దాకా లేచింది. నేను టీచరు కళ్ళు చూశాను. ఆ కళ్ళలో ఉన్నది ఏమిటో నాకు బాగా తెలుసు, రెండు రోజులుగా గాదె వెనక నాతో ఉన్నది అదే.

నాయన నాకు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. చెప్తే బెంగుళూరు. చెప్పకపోతే ఆ కర్ర దిగుతుంది. అవ్వ కొంగులోంచి ఎలా బయటికి వచ్చానో తెలియదు, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నాకు సదువు రాదు నాయనా. అందుకు కట్టింది. సదువు రానోళ్ళకంతా కట్టింది. సాయంత్రం నేర్పిస్తాదంట, నిన్ను రమ్మన్న్యాది."

తరువాత ఎర్రిస్వామి మామ కూతురు ఏడుపు అందుకుంది, "నాగ్గూడా రాదు" అని. ఇంకొకరు, ఇంకొకరు. కర్ర కిందికి దిగింది. మా అవ్వ ముందుకు పోయి, నల్లపోతు మెడలో ఉన్న ఎర్రగుడ్డ అంటే ఏమిటో, వంక ఏం అడుగుతోందని ఊరు వణికిపోతోందో టీచరుకు విడమరిచి చెప్పింది. వింటూ వింటూ ఆమె అక్కడే తడిమట్టిలో కూలబడిపోయింది. "అయ్యో, నా చేతులతో నేనే" అని మాత్రం అంది. ఇప్పుడే విప్పేస్తానని లేచి నా చెయ్యి పట్టుకోబోతే అవ్వ ఆపింది. ఊరికే విప్పకూడదట. పసుపు నీళ్ళు తెప్పించింది. కట్టినవాళ్ళే విప్పల్ల అని, ఒక్కొక్క బిడ్డ చెయ్యి ఆమె ముందుకు చాపించింది. టీచరు నవ్వలేదు, వాదించలేదు. పీలిక పీలికనూ పసుపు నీళ్ళలో తడిపి విప్పి, అన్నీ కొంగులో వేసుకుని, మా ఆడవాళ్ళ వెంట మారెమ్మ రాయి దాకా చెప్పులు లేకుండా నడిచి పోయి అక్కడ పెట్టి వచ్చింది.

అంతటితో భయం పోయిందనుకుంటే పొరపాటు. నమ్మకం అంత తేలిగ్గా రాదు మా వాళ్ళకు. నాయన పెద్దమనిషిగా మాట్లాడాడు. "నేర్పిచ్చు తల్లీ, వద్దనం. కానీ బ్రిడ్జి నిలబడేదాకా బిడ్డల్ని ఒంటిగా పంపం. ఇంటికొగరం వచ్చి కాపలా కూచుంటాం" అన్నాడు. టీచరు సరేనంది, వాళ్ళు చేల నుంచి వచ్చేదాకా ఆగి ఆ రాత్రులు ఊళ్ళోనే ఉండిపోతానంది. తల్లిదండ్రులు బడికి రావాలని అన్నాళ్ళు తిప్పలుపడ్డ మనిషికి, పిలవకుండానే ఊరంతా వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రాలు ఎలా ఉండేవో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. ముందు వరుసలో పలకలతో మేము, వెనక గోడకు ఆనుకుని ముల్లుకర్రలతో, రోకళ్ళతో మా పెద్దలు. ఊరికే కూర్చోవడం తెలియని చేతులు కాబట్టి చింతపండు గింజలు తీసేవాళ్ళు, పగ్గాలు పేనేవాళ్ళు, కుక్కిమంచం నులక చిక్కు విప్పేవాళ్ళు. గదంతా చింతపండు పులుపు, బీడీ పొగ, సుద్దముక్క పొడి. నాయన గుమ్మంలో కూర్చునేవాడు, కర్ర అడ్డంగా పెట్టుకుని. ఆయన చూపు బయట సగం, నా వీపు మీద సగం. కార్తీకం దాటితే లారీ వస్తుంది. ఈలోగా నాకు చదువు వస్తుందో రాదో ఆయన చూసుకుంటున్నాడు. రోజూ ఆ గదిలోకి అడుగుపెట్టేటప్పుడు నా అరచేతులకు పట్టే చెమటకు పలక జారిపోయేది.

టీచరు మా పుస్తకం మూసి పక్కన పెట్టింది. వెనక కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి, ఇవాళ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పండని అడిగేది. మొదట్లో అందరూ తల వంచుకుని చింతపండు గింజలే తీసేవాళ్ళు. ఒకరోజు మా అవ్వ విసుక్కుంటూ, "ఏం జరుగుతాది, ట్యాంకరు రాల్యా, గొంతెండి పాయ" అంది. ఆమె ఆ మాటలనే ఉన్నవి ఉన్నట్టు బోర్డు మీద రాసింది. మా అవ్వ నోటి మాట గోడ మీద తెల్లగా నిలబడింది. వినడమైతే ఇప్పుడే విన్నాను, కాబట్టి అది ఏమిటో నాకు తెలుసు. తెలిసిన మాటలో అక్షరాలు మునుపటిలా జారిపోలేదు. ట్యాంకరు ఎక్కడ మొదలవుతుందో, గొంతు ఎక్కడ అయిపోతుందో వేలుపెట్టి చూపించాను. ఆ రోజు నుంచి పెద్దవాళ్ళు పోటీలు పడి చెప్పడం మొదలుపెట్టారు, ఎవరి గొర్రె ఈనిందో, ఎవరి కోడలు అలిగిందో, అన్నీ బోర్డెక్కాయి. ఒకాయన తన మాట తప్పు రాసిందని టీచరుతో తగువు కూడా పెట్టుకున్నాడు, ఆయనకు అక్షరం ముక్క రాదు.

కానీ నాయన నవ్వలేదు. కార్తీకం వెళ్ళిపోవస్తుండగా ఒక సాయంత్రం గుమ్మంలోంచి లేచాడు. "అది విన్నది చెప్తాంది తల్లీ, సదివేదిల్యా. ఇంట్లో గూడా అట్లే చేసేది, నాకు తెలుసు" అన్నాడు. ఆయనకు అంతకాలం తెలుసని నాకు అప్పుడే తెలిసింది. గదిలో పగ్గాలు పేనే చేతులు ఆగాయి. ఆయన టీచరు దగ్గరికి పోయి, నాకు వినబడకుండా ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె ఒకసారి నా వైపు చూసి, బోర్డంతా తుడిచి, రాసింది.

మొదటి మాట నా పేరే. గౌరి. అది నాకు పలక పట్టిన రోజు నుంచి తెలుసు. రెండో మాట పెద్దది. బెం. గు. ళూ. రి. కి. గౌరి బెంగుళూరికి. ఇంక ఒక్క మాట ఉంది, చిన్నది. దాన్ని చదవకపోతే బాగుండుననిపించింది. చదవకపోతే లారీ ఎక్కాల్సిందే, చదివినా అందులో ఏముందో. మొదటి అక్షరం పలికాను, రా. రమ్మనే అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగి ఆ పక్క అక్షరం అలుక్కుపోయింది. గౌను అంచుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. అది నిలబడే ఉంది.

దు.

గౌరి బెంగుళూరికి రాదు. మొత్తం కలిపి గట్టిగా చదివాను. మళ్ళీ చదివాను. నాయన కర్ర తీసుకుని గుమ్మం దగ్గరికి పోయి, నాకు వీపు చూపించి కూర్చున్నాడు. ఆ వీపు కాసేపు కదులుతూనే ఉంది. లారీ వచ్చిన రోజు అమ్మానాయనలు మూటలతో ఎక్కాక కూడా నాకు నమ్మకం చిక్కలేదు, ఆయన ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని లారీ మలుపు తిరిగేదాకా అవ్వ వెనకే నిలబడ్డాను.

బ్రిడ్జి నిలబడింది, ఇప్పుడు దాని మీద బస్సులు కూడా పోతాయి. పద్మజ టీచరు బదిలీ మీద తన వైపు వెళ్ళిపోయింది. అవ్వ పోయింది. మా బడిలో ఇప్పుడున్న పిల్లలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. చింతపండు గింజలు తీస్తూ, కర్రలు ఒళ్ళో పెట్టుకుని బిడ్డల చదువు వినే గది ఇంక ఎక్కడా ఉన్నట్టు నేను వినలేదు.

నిన్న పాప బడికి వెళ్ళాను. గేటు దగ్గర పేరు రాయించుకుని, మెడకు కార్డు తగిలించి లోపలికి పంపారు. టీచరు చిన్నపిల్ల, మర్యాదగా మాట్లాడింది. భయపడాల్సింది ఏమీ లేదని, వివరాలన్నీ వారం వారం ఫోనుకే వస్తాయని చెప్పింది. నేను అడగలేక అడగలేక అడిగాను, ఆ తరగతి జరిగేటప్పుడు ఒక మూల కూర్చోవచ్చా అని. ఆమె నా వైపు కాస్త వింతగా చూసి, "సారీ మేడమ్, పేరెంట్స్‌ని లోపలికి రానివ్వం. పిల్లల సేఫ్టీ కోసమే" అంది. నాకు ఇచ్చిన సమయం అయిపోయింది.

నాయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. మోకాళ్ళ నొప్పులు, చూపు కూడా తగ్గింది. ఇంటికి వచ్చాక ఏమన్నారని అడిగాడు, చెప్పాను. ఈమధ్య పాప రోజూ సాయంత్రం పుస్తకం తెచ్చి ఆయన పక్కన కూర్చుని గడగడా అప్పజెబుతుంది, వేలు ఒక చోట, మాట ఒక చోట. నాయన లోపలి గదిలో ఉన్న పాపకు వినబడకుండా మెల్లగా అడిగాడు.

"మరి పాపకు బయమైతే ఆడ ఎవురుండారు మే?"